ఈతా, సంగీతమా: పట్టుబట్టి ఏది నేర్పించాలి?

"అమ్మానాన్నా కాస్త గట్టిగా పట్టుబట్టి ఉంటే బావుండేది" అని పెద్దయ్యాక చాలామంది అనుకునే వాటిలో ఈత, ఏదో ఒక వాయిద్యం ఉంటాయి. రెండింటికీ టైమ్ లేకపోతే?

ఖర్చు: ఈతకు కొన్ని నెలల ఫీజుతో సరి. సంగీతానికి వాయిద్యం కొనాలి, ఏళ్ల తరబడి ఫీజు కట్టాలి.

శ్రమ: ఈత ఒకసారి వంటబడితే మర్చిపోరు. వయొలిన్ అలా కాదు. మొదట్లో అన్నీ అపశ్రుతులే, రోజూ సాధన చేయించే పనేమో పెద్దల మీదే పడుతుంది. (ఇంట్లోవాళ్ల చెవుల ఓపిక వేరే లెక్క.)

రిస్క్: ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఈత వచ్చినా పిల్లల మీద కన్ను ఉండాల్సిందే, కానీ రాకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. సంగీతంలో రిస్క్ విసుగు మాత్రమే.

ఆలస్యమైతే: ఈత నలభైలోనూ నేర్చుకోవచ్చు, భయమే అడ్డు. వాయిద్యమూ అంతే. కాకపోతే ఏ ఆధారమూ లేకుండా స్వరాన్ని గుర్తుపట్టే శక్తి ఎక్కువగా చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లలో కనిపిస్తుంది.

చెరువో సముద్రమో దగ్గరుంటే ఈతే ముందు, పిల్లలు వద్దన్నా సరే. పాట వినగానే కూనిరాగం తీసే పిల్లలైతే, రోజూ పక్కన కూర్చునే తీరిక మీకుంటే సంగీతం. ఆ తీరిక లేకపోతే మళ్లీ ఈతే.