గిల్డ్ అమ్ముతాం అంటూ వచ్చేవాడికి డబ్బులు కొట్టేముందు ఇది చదవండి

ముందు విషయం చెప్పేస్తా, కథ తర్వాత. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో (గిల్డ్ అంటే అందులో కలిసి ఆడేవాళ్ల జట్టు) "రెడీమేడ్ రోల్‌ప్లే గిల్డ్ ఉంది, లీడర్ అకౌంట్‌తో సహా ఇచ్చేస్తా" అంటూ ఒకడు తెలుగులో, అదీ అచ్చం మన సీమ యాసలో, తిరుగుతున్నాడు. నా దగ్గర, మా వాళ్ల దగ్గర కలిపి 16,000 రూపాయలు తీసుకున్నాడు. సరిగ్గా 53 రోజులకు అకౌంట్ వెనక్కి లాక్కున్నాడు. ఇప్పుడు అదే గిల్డును ఇంకొకరికి 20,000కి చూపిస్తున్నాడు. సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నానంటే కారణం అదే.

మాది కర్నూలు. పగలు సి.క్యాంపు పక్కన ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంటా. అకౌంట్స్ చూసేవాడే అకౌంట్ కొని మోసపోయాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు, మీరూ నవ్వుకోండి. రాత్రి పదకొండున్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటా. అంత రాత్రి ఎందుకంటే మేం ఆడేది యూరప్ సర్వర్లో, పేరు ఆర్జెంట్ డాన్. అక్కడ సాయంత్రం ఎనిమిదైతే గానీ జనం రారు. ఆ ఎనిమిది మనకు ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర.

రోల్‌ప్లే గిల్డ్ అంటే బాసుల్ని (ఆటలోని పెద్ద శత్రువుల్ని) కొట్టి సామాను పంచుకునే గుంపు కాదు. ఒక పాత్ర కట్టుకుని, ఆ పాత్రగానే నడిచి, ఆ పాత్రగానే మాట్లాడాలి. టోటల్ ఆర్‌పీ 3 అనే యాడాన్ (ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఒకటుంది, దాంట్లో మీ మనిషి చరిత్ర రాసి పెడితే, అదే యాడాన్ ఉన్నవాళ్లు మీ మీద మౌస్ పెట్టినప్పుడు చదువుకోవచ్చు. చెంప మీద గాటు ఎక్కడిది, కాలు ఎందుకు కుంటుతుంది, అన్నీ. పాత్ర బయటి మాట ఏదైనా అనాలంటే జంట బ్రాకెట్లలో కొట్టాలి. మా అనంతపురం తమ్ముడు ఒకసారి కత్తి మెడ మీద ఉండగా ((ఆగండన్నా, అమ్మ మోటరు ఆపమంటోంది)) అని కొట్టి పోయాడు. శత్రువు కూడా కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు, పాపం, పావుగంట.

మా కథంతా వెస్ట్‌ఫాల్ అనే ప్రాంతంలో. ఎండిపోయిన పొలాలు, కూలిన ఇళ్లు, దారికాచే డిఫయాస్ ముఠా. మొదటిసారి చూసినప్పుడే నాకు మా పత్తికొండ పక్క మెట్ట చేలు గుర్తొచ్చాయి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు తొలకరి పడగానే జనం చద్దిమూటలు కట్టుకుని చేలల్లో వజ్రాలు వెతకడానికి దిగుతారు కదా, ఆ వేటనే మేం ఆటలోకి తీసుకుపోయాం. ఒకరు కూలి, ఒకరు రాయి కొనే సేటు, ఒకరు తన చేలో ఎవడూ అడుగు పెట్టకూడదని కర్ర పట్టుకుని తిరిగే రైతు. చాట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తెలుగు రాని యూరప్ వాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి చూసి, మిగతాది ఇంగ్లీషులో అడిగి తెలుసుకుని, ఆడిపోయేవాళ్లు.

అప్పటికి మేం పదిమందిమి. గిల్డ్ పేరు ఎవరికీ తెలియదు. పెద్ద గిల్డులు కలిసి చేసే సంతలకు, ఊరేగింపులకు మమ్మల్ని పిలిచేవాళ్లు లేరు. ఆ ఆశే నన్ను ముంచింది. పాత గిల్డ్, తెలిసిన పేరు, ఆరు ట్యాబులు (అరలు) తెరిచిన గిల్డ్ బ్యాంకు, అంటే అందరూ సామాను దాచుకునే చోటు, దాంతో పాటు ఇప్పుడు దొరకని పాత వేషాలున్న లీడర్ పాత్ర. ఏప్రిల్ చివర్లో వచ్చిన బేరం ఇది.

వాడు ఫోన్ ఎత్తగానే అన్న మొదటి మాట, "యాడుండావన్నా? కర్నూలా? మా మేనమామోళ్లది ఆడనే." ఇంక నాకు అనుమానం ఎందుకొస్తుంది? వీడియో కాల్లో స్క్రీన్ చూపించాడు. గిల్డ్ లిస్టు, బ్యాంకు, పాత్రలు, ఒక్కొక్కటీ ఓపికగా. నేనేమీ పూర్తి తెలివితక్కువగా లేను, ఒక మంచి ప్రశ్న అడిగాను. "నా పాత్రను గిల్డ్‌లో చేర్చుకుని లీడర్‌గా ప్రమోట్ చేస్తే సరిపోతుంది కదా తమ్ముడూ, అకౌంట్ ఎందుకు?" అని. వాడు తడుముకోకుండా, "అట్ల చేస్తే బ్యాంకు రీసెట్ అయితాదన్నా, ట్యాబులన్నీ పోతాయి" అన్నాడు.

అబద్ధం. లీడర్ పదవి ఇంకొకరికి ఇస్తే బ్యాంకుకు ఏమీ కాదు. నిమిషం పని, ఆటలోనే ఉంది. నేను దాన్ని ఒక్కసారి వెతికి చూసుంటే ఈ పోస్టు ఉండేది కాదు. గిల్డ్ ఇచ్చేస్తానంటూ అకౌంట్ మాత్రమే తీసుకోమని పట్టుబట్టేవాడిని చూస్తే అక్కడే లేచి రండి.

డబ్బు సంగతి. నావి 7,000, మిగతా తొమ్మిది మందివి తలా వెయ్యి. అడ్వాన్స్ 6,000, లాగిన్ అయ్యాక 10,000. యూపీఐలో నంబరు కొట్టగానే తెర మీద ఒక ఆడమనిషి పేరు వచ్చింది. వేలు అక్కడే ఆగింది. "మా అక్క ఫోనన్నా, నా బ్యాంకు లిమిట్ అయిపోయింది" అన్నాడు. తెర మీద వేరే పేరు కనిపిస్తుంటే పిన్ కొట్టింది నేనే, కాబట్టి ఆ తప్పు ఎవరి మీదా వేయను.

ఆ తర్వాత వాడు చేసిన ఏర్పాట్లు చూస్తే మీరైనా నమ్మేవాళ్లు. అకౌంట్ మెయిల్ మార్చి నాది పెట్టించాడు. పాస్‌వర్డ్ నాది. లాగిన్‌ను ఖాయం చేసే ఆథెంటికేటర్ నా ఫోన్‌కే. "ఇంక నేను కావాలన్నా లోపలికి రాలేనన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పైగా "పేరు మార్పిడికి" అని ఆధార్ ఫోటో అడిగితే అదీ పంపాను. అలాంటి మార్పిడి ఏదీ లేదు. తర్వాత భయమేసి యూఐడీఏఐ సైటులో బయోమెట్రిక్ లాక్ చేసుకున్నా. ఎవరికైనా ఆధార్ ఇవ్వక తప్పకపోతే నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. ఆటల సామాను అమ్మేవాడికైతే అదీ వద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ అకౌంట్ మొదట ఏ పేరుతో తెరిచారో ఆట నడిపే కంపెనీకి ఆ పేరే లెక్క. మెయిల్ మారినా, ఫోన్ మారినా, ఆ పేరు మీద గుర్తింపు కార్డు చూపించి "నా అకౌంట్ పోయింది, ఎవరో హ్యాక్ చేశారు" అని అడిగితే తిరిగి వాళ్లకే వెళ్తుంది. అది మంచి ఏర్పాటే, నిజంగా పోగొట్టుకున్న వాళ్లను కాపాడేది అదే. కానీ ఈ వ్యవహారంలో కాగితం మీద హ్యాకర్ని నేను. అకౌంట్ అమ్మడం కొనడం రెండూ నిబంధనలకు విరుద్ధం కాబట్టి, "అయ్యా నేను డబ్బిచ్చి కొన్నాను" అని చెప్పుకుంటే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు. వాడు నాకు ఇల్లు అమ్మలేదు, అద్దె కూడా కాదు. తాళంచెవి నకలు చేతిలో పెట్టి, దస్తావేజు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇంకోటి కూడా ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. గిల్డ్ పేరు కొంటే ఆ పేరు మీదున్న పాత కోపాలు కూడా వస్తాయి. మూడో వారంలో, ఆటలోని ఒక నగరమైన స్టార్మ్‌విండ్‌లో ఒక పెద్ద గిల్డ్ మనిషి నా పాత్రను ఆపి, బ్రాకెట్లు తెరిచి, "పోయినసారి కథ సగంలో వదిలేసి పారిపోయింది మీరేగా?" అని అడిగాడు. వాళ్లు నెలల తరబడి కలిసి కట్టిన కథను ఈ గిల్డ్ పాత లీడర్ మధ్యలో వదిలేశాడట. నేను వాడిని కాను, కొత్త లీడర్నని ఎలా చెప్పేది? పాత్ర అదే, పేరు అదే. ఏ పలుకుబడి కోసం కొన్నానో దాని బదులు ఇది వచ్చింది. రెండు సంతల్లో మా వాళ్లకు చోటు దొరకలేదు.

జూన్‌లో తొలకరి పడ్డ శనివారం. ఇక్కడ నిజంగానే వాన, కరెంటు పోతుందేమోనని నా భయం. అక్కడ వెస్ట్‌ఫాల్‌లో మా వజ్రాల వేట. బయటి వాళ్లతో కలిపి ముప్పైమందికి పైనే వచ్చారు, మాకు అది రికార్డు. కడప నుంచి ఆడే అమ్మాయి రైతు భార్య పాత్రలో రాయి దొరికినట్టు నటిస్తోంది, చెంగులో దాచుకుంటోంది, చుట్టూ అందరూ ఎమోట్లు (పాత్ర చేసే సైగలు) కొడుతున్నారు. నేను సేటు పాత్రలో బేరం మొదలుపెట్టబోతున్నా. తెర ఆగింది. డిస్‌కనెక్ట్. వానకు నెట్ పోయిందనుకుని రౌటర్ దగ్గరికి పరిగెత్తాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి. మళ్లీ లాగిన్ కొడితే పాస్‌వర్డ్ తప్పు అంటోంది.

హెడ్‌ఫోన్లో మా వాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. "అన్నా వచ్చేశావా?" అని ఒకరు. నా పాత్ర ఆన్‌లైన్‌లోకి వచ్చినట్టు వాళ్లకు కనిపించింది. నేను రాలేదని చెప్పేలోపు అనంతపురం తమ్ముడు, "అన్నా, నన్ను గిల్డ్ నుంచి తీసేశావెందుకు?" అన్నాడు. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. ఒక్కొక్క పేరూ రాలిపోతుంటే హెడ్‌ఫోన్లో వింటూ కూర్చున్నాను. కడప అమ్మాయి మాత్రం పాత్ర వదల్లేదు. చాట్‌లో "సేటు దొంగ అని మా అత్త ముందే చెప్పింది" అని కొట్టిందట, కథలో భాగం అనుకుని. చివరికి ఆమెనూ తీసేశాడు.

గిల్డ్ బ్యాంకులో మా వాళ్లు 53 రోజులు పోగేసిన బట్టలు, వంట సామాను, గోల్డ్ (ఆటలోని డబ్బు) అన్నీ అక్కడే ఉండిపోయాయి. బ్యాంకులో ర్యాంకును బట్టి రోజుకు ఎంత తీయొచ్చో హద్దు పెట్టొచ్చు, నేను చాలా జాగ్రత్తగా పెట్టాను కూడా. లీడర్‌కు మాత్రం ఆ హద్దు ఉండదు. లీడర్ ఎవరయ్యా అంటే వాడు.

తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను, వృత్తి అలవాటు. ఆ ఆరు ట్యాబులు తెరవడానికి అయ్యే ఖర్చు 100, 250, 500, 1,000, 2,500, 5,000. మొత్తం 9,350 గోల్డ్. కంపెనీయే అధికారికంగా అమ్మే వార్‌క్రాఫ్ట్ టోకెన్ ఒకటి ఆటలో అమ్మితే గోల్డ్ లక్షల్లో వస్తుంది. అంటే వాడు గొప్పగా చూపించిన బ్యాంకు ఖరీదు చిల్లర. ఇక గిల్డ్ పెట్టడానికి? చార్టర్ (గిల్డ్ పెట్టే పత్రం) ధర పది సిల్వర్, అంటే గోల్డ్‌కన్నా చిన్న నాణేలు, వేరే వేరే అకౌంట్ల నుంచి నాలుగు సంతకాలు. అప్పటికే పదిమందిమి ఉన్నాం మేం. నాలుగు సంతకాలకు దిక్కులేక కాదు 16,000 పెట్టింది.

1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు కూడా పెట్టాను. డబ్బు పోయిన గంటల్లోనే చేస్తే అది వెళ్లిన ఖాతాను ఆపే అవకాశం ఉంటుంది. నాది యాభై రోజులు దాటిన కేసు. యూపీఐ లావాదేవీ నంబర్లు, కాల్ రికార్డు, వాడి వీడియో అన్నీ దాచి ఉంచాను. వాడి చేతిలో ఇప్పటికే మోసపోయిన వాళ్లుంటే మీరూ ఫిర్యాదు పెట్టండి, ఆ లావాదేవీ నంబర్లు పారేయొద్దు. నాన్నకు చెప్పడం వీటన్నిటికన్నా కష్టమైంది. "రమ్మీనా?" అన్నాడు మొదట. 2020లోనే మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ నిషేధించారు, ఇది అది కాదు, ఇది నాటకం లాంటిదని చెప్పా. "నాటకానికి 16,000 ఎవడు కట్టమన్నాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిది మందికీ వాళ్ల వెయ్యి నేనే తిరిగిచ్చేశాను. ఇద్దరు తీసుకోలేదు. కొత్త గిల్డ్ పెట్టుకున్నాం, ఈసారి మొదటి సంతకం కడప అమ్మాయిది, లీడరూ ఆమెనే.

ఇక వాడిని గుర్తుపట్టడం ఎలాగో చెప్తా. మా వాడొకడు కొనేవాడిలా మాట్లాడి వాడి దగ్గర కొత్త వీడియో తెప్పించాడు. గొంతు వినిపించదు, తెర మాత్రమే. గిల్డ్ లిస్టు నిమిషం పాటు చూపించి, తర్వాత బ్యాంకు తెరుస్తాడు. ఆరో ట్యాబుకు రొట్టె బొమ్మ, దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో "ఉగ్గాని". వంట సామాను పెట్టుకోవడానికి ఆ పేరు పెట్టింది మేమే, వాడు మార్చడం మరిచిపోయాడు. మీకు వచ్చిన వీడియోలో ఆ ట్యాబు ఉంటే అది మా గిల్డే. ఈ పోస్టు చూసి వాడు పేరు మార్చేలోపు మీ దగ్గరున్న వీడియోలు ఒకసారి ఆపి చూసుకోండి.