ఇమ్యూనిటీ ప్యాకేజీ: రక్తం తీసిన అబ్బాయికి 5 స్టార్లు, రిపోర్టుకి 1

నాన్నకి 72. జలుబు పట్టుకుని మూడు వారాలైనా వదలకపోతే భయమేసి, ఫోన్లో కనిపించిన ఒక ల్యాబ్‌లో పెద్దవాళ్ల ఇమ్యూనిటీ ప్యాకేజీ బుక్ చేశాను. 2,999 రూపాయలు, హబ్సిగూడలో ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు.

ముందు మంచి చెప్తాను. ఆరున్నరకి రమ్మంటే ఆరుంబావుకే వచ్చేశాడు అబ్బాయి. నాన్నకి నరం దొరకడం కష్టం, పోయినసారి ఇంకోచోట మూడుసార్లు పొడిచారు, ఇతను "పిడికిలి బిగించండి అంకుల్" అని ఒక్క పోటుకే తీసేశాడు.

గొడవంతా రిపోర్టుతోనే. 14 పేజీల్లో అసలు సరుకు సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పే పరీక్ష), విటమిన్ డి, బి12. మిగతావన్నీ రంగుల బొమ్మలు, చివర్లో 'మీ ఇమ్యూనిటీ వయసు 79' అని ఒక మీటరు. ఎలా లెక్కేశారో ఎక్కడా లేదు. మర్నాడు ఒకమ్మాయి ఫోన్ చేసి "టెన్షన్ వల్ల సార్ ఇమ్యూనిటీ కణాలు చచ్చిపోతున్నాయి మేడమ్, మా పొడి మూడు నెలలు వాడండి" అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది, నాన్న విన్నారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఓయూలో బయోకెమిస్ట్రీ చదివిన దాన్ని, ఊరుకోలేకపోయాను. కణం చావడం జబ్బు కాదండీ. న్యూట్రోఫిల్స్ (క్రిముల మీద ముందుగా పడే తెల్ల రక్తకణాలు) రక్తంలో ఉండేదే ఒక రోజు అటూ ఇటూగా, తర్వాత వాటంతటవే ముడుచుకుని ముక్కలైతే చెత్త ఎత్తే కణాలైన మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి, 1972లోనే దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. వయసు మీద పడితే తప్పేది ఏ కణం ఎప్పుడు పోవాలన్న లెక్క. ఇన్ఫెక్షన్ ఉన్నచోట కుర్రవాళ్ల న్యూట్రోఫిల్స్ 'ఇంకాస్త ఉండు' అన్న సంకేతం అందితే ఆగుతాయి, పెద్దవాళ్లలో ఆ మాట అంతగా వినవు, తొందరగా పోతాయి. టి-కణాల్లో (క్రిముల్ని గుర్తుపట్టి పోరాడే ఇంకో రకం తెల్లకణాలు) ఇంకా ఏ క్రిమినీ చూడని కొత్తవి, వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తగిలితే మరీ తేలిగ్గా చస్తాయి, పోయినవాటి బదులు పంపాల్సిన థైమస్ గ్రంథేమో అప్పటికే చాలావరకు కొవ్వైపోయి ఉంటుంది. ఇటు పైపొర మీదుండే సీడీ28 అనే ప్రోటీన్ పోగొట్టుకున్న ముదురు సీడీ8 కణాలు (టి-కణాల్లోనే ఒక రకం) మాత్రం చావమన్నా చావవు, ఖాళీ చేయని కిరాయిదార్లలా కూర్చుంటాయి. సీబీపీలో లింఫోసైట్లు (టి-కణాలు వీటిలోవే) నార్మల్ అని వచ్చినా అందులో కొత్తవెన్నో ముదురువెన్నో తేలదు, దానికి కణాల్ని ఒక్కొక్కటిగా రకం చూసి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం కావాలి. చావుని చూడాలంటే తాజా రక్తంలో కణాలకి మెరిసే అనెక్సిన్ (చస్తున్న కణాలకి పట్టుకునే ప్రోటీన్) అంటించి చూడాలి. ఈ ప్యాకేజీలో రెండూ లేవు. మరి చచ్చిపోతున్నాయని ఎవరు చూశారు?

అదే అడిగాను. "సిస్టమ్‌లో అలా వచ్చింది మేడమ్" అంది.

డబ్బు వెనక్కి ఇవ్వలేదు, 300 కూపన్ పంపారు. సీబీపీ, సీఆర్‌పీ డాక్టర్ రాస్తే విడిగా చేయించుకోండి, చాలా తక్కువలో అయిపోతుంది. పొడి మాత్రం కొనకండి.

నాన్న ఇప్పటికీ పొద్దున్నే కాఫీ తాగుతూ అడుగుతున్నారు, "ఏమ్మా, నా కణాలు ఇంకా ఉన్నాయా?"