హాన్స్ డివైజ్ రివ్యూ: ఏళ్ల తర్వాత మళ్లీ రేసుకి దిగేవాళ్లు ముందు కొనాల్సింది ఇదే

ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు అమెచ్యూర్ రేసింగ్ చేసి, ఉద్యోగం, పిల్లలు, అప్పుల వల్ల ఆపేసి, యాభై దాటాక మళ్లీ ట్రాక్ ఎక్కాలనుకునేవాళ్లు ముందు కారు గురించే ఆలోచిస్తారు. ఏ ఇంజిను, ఏ టైర్లు, ఏ డాంపర్లు అన్నదే లెక్క. హెల్మెట్, సూటు, బెల్టులు అటక మీద ఎలాగూ ఉన్నాయి కదా అనుకుంటారు. కానీ ఈ మధ్యకాలంలో వచ్చిన అన్నింటికన్నా పెద్ద మార్పు డ్రైవర్ భుజాల మీద కనిపిస్తుంది. దాని పేరు హాన్స్, అంటే హెడ్ అండ్ నెక్ సపోర్ట్. మెడని కాపాడే పరికరాలన్నిటినీ కలిపి రూల్ పుస్తకాలు ఎఫ్‌హెచ్‌ఆర్ అంటాయి, ట్రాక్ మీద మాత్రం ఏ కంపెనీదైనా అందరూ హాన్స్ అనే అంటారు.

ముందే తేల్చి చెబుదాం: వస్తువు మంచిది, చెప్పిన పని చేస్తుంది. కానీ విడిగా కొంటే సగం సరుకే. మిగతా సగం మీ బెల్టులు, సీటు, హెల్మెట్. ఆ మూడూ పాతవి ఉంచుకుని కొత్త హాన్స్ ఒక్కటి తగిలిస్తే స్క్రూటినీరింగ్‌లో, అంటే రేసు ముందు జరిగే తనిఖీలో, టిక్కు పడవచ్చు, గోడని గుద్దినప్పుడు మాత్రం దాని మీద భరోసా ఉండదు.

ఎద్దు మెడ మీద కాడిలా భుజాల మీద కూర్చునే కార్బన్ లేదా గట్టి ప్లాస్టిక్ చట్రం ఇది. రెండు కాళ్లు ఛాతీ మీదికి దిగుతాయి, వెనక కాలర్ పైకి లేస్తుంది. ఆ కాలర్ నుంచి రెండు టెదర్లు, అంటే పట్టీలు, హెల్మెట్‌కి చెరోపక్క ఉన్న పోస్టులకి తగులుకుంటాయి. షోల్డర్ బెల్టులు చట్రం కాళ్ల మీదుగా వెళ్లి దాన్ని ఛాతీకి అదిమి పడతాయి. ఎదురుగా గుద్దుకున్నప్పుడు బెల్టులు మొండేన్ని ఆపేస్తాయి, తల మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది. తల, హెల్మెట్ కలిపి ఆరున్నర కిలోలు అనుకుంటే, 50 జీ (భూమ్యాకర్షణకి 50 రెట్లు) దగ్గర మెడ మీద పడే లాగుడు 325 కిలోల బరువుతో సమానం. పుర్రె అడుగుభాగం విరిగేది ఇలాంటి లాగుడుకే. టెదర్లు ఆ భారాన్ని మెడ నుంచి తప్పించి, చట్రం ద్వారా బెల్టుల మీదికి పంపుతాయి.

రేసర్ జిమ్ డౌనింగ్, ఆయన బావమరిది వరసైన బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్ కలిసి 1980ల్లో దీన్ని తయారుచేశారు. 1981లో రేసర్ పాట్రిక్ జాక్‌మార్ట్ కారు టెస్టింగ్‌లో చనిపోవడం దానికి కారణం. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో ప్రముఖ డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ పోయాక, ఆ ఏడాది అక్టోబరులో అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్ తల, మెడ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్ 2003లో చేసింది. క్లబ్ రేసింగ్‌కి ఆ తర్వాతే పాకింది. అందుకే అంతకుముందు మానేసినవాళ్లకి ఇది అసలు అలవాటే లేదు.

కొనేటప్పుడు మొదటి ప్రశ్న కోణం. 20 డిగ్రీల మోడల్ నిటారుగా కూర్చునే సెడాన్, హ్యాచ్‌బ్యాక్, జీటీ కార్లకి. 30 డిగ్రీలది వెనక్కి వాలి కూర్చునే ఫార్ములా కార్లకి. నిటారు సీటులో 30 వాడితే కాలర్ హెల్మెట్ వెనక తగిలి తలని ముందుకి తోస్తుంది. వాలు సీటులో 20 వాడితే టెదర్లు తలని వెనక్కి గుంజుతాయి, రెండు మూడు ల్యాపులకే మెడ పట్టేస్తుంది. సైజు మెడ చుట్టుకొలతని బట్టి. ఎక్కువమందికి మీడియం సరిపోతుంది, లావు మెడకి లార్జ్. కార్బన్, ప్లాస్టిక్ మోడళ్లకి బరువులో కొంత తేడా ఉంది గానీ రెండూ కిలో లోపే. సర్టిఫికేట్ ఒకటే అయినప్పుడు కార్బన్‌కి పెట్టే అదనపు డబ్బు బెల్టుల మీద పెట్టడం మేలు. టెదర్లు మాత్రం తల తిప్పితే అటూ ఇటూ జారే స్లైడింగ్ రకమే తీసుకోండి. వయసు మీద పడిన మెడ అసలే సగం తిరుగుతుంది, బిగుసుకున్న టెదర్లు దాన్ని ఇంకా కట్టేస్తాయి.

దుకాణంలో నిలబడి భుజాల మీద పెట్టుకుంటే అన్నీ బాగానే ఉన్నట్టనిపిస్తాయి. అసలు పరీక్ష కారులోనే. సూటు, హెల్మెట్ వేసుకుని, బెల్టులు పూర్తిగా బిగించి, ఒకరిని హెల్మెట్ ముందుభాగం పట్టుకుని ముందుకి లాగమనండి. గడ్డం ఛాతీకి తగలకముందే తల ఆగాలి. చట్రం కూడా తలతోపాటు కదిలితే బెల్టులు దాన్ని పట్టుకోవడం లేదన్నమాట. తర్వాత రెండు పక్కలకీ తల తిప్పి అద్దాలు కనిపిస్తున్నాయా చూసుకోండి. కనిపించకపోతే టెదర్లు వదులు చేయొద్దు. వెడల్పైన కాన్వెక్స్ అద్దం పెట్టండి.

తరచూ కనిపించే చిక్కు సీటుది. భుజాల వెనక మందపాటి స్పాంజ్ ఉన్న సీటు కాలర్ వెనకభాగాన్ని ముందుకి తోసి, తలని ఎప్పుడూ కిందికి వంచి ఉంచుతుంది. ఆ స్పాంజ్ తీసేస్తే చాలాసార్లు సమస్య పోతుంది. సూటు భుజం మీది పట్టీలు, కూల్ షర్ట్ (చల్లటి నీళ్లు తిరిగే చొక్కా) గొట్టాలు, రేడియో వైరు చట్రం కాలి కింద ఇరుక్కుంటే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, గుద్దుకున్నప్పుడు ఆ ఖాళీ మేరకి బెల్టు వదులవుతుంది. కాలర్‌బోన్ మీద ఒరుసుకుంటుందని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు ఇవన్నీ చూసుకుని, అప్పటికీ నొప్పిగా ఉంటే కంపెనీ ఇచ్చే ప్యాడ్‌లు వేసుకోవాలి. సొంతంగా స్పాంజ్ ముక్కలు అంటించడం మంచిది కాదు.

ఇక బెల్టులు. అసలు కథంతా ఇక్కడే ఉంది. పాత నాలుగు పాయింట్ల హార్నెస్‌కి, అంటే నాలుగు చోట్ల బిగించే బెల్టుల సెట్టుకి, కాళ్ల మధ్య నుంచి వచ్చే కింద పట్టీ ఉండదు కాబట్టి షోల్డర్ బెల్టులు బిగించేకొద్దీ ల్యాప్ బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. పాతికేళ్లప్పుడు లేని పొట్ట ఇప్పుడు ఉంటే ఇంకా సులువుగా ఎక్కుతుంది, గుద్దుకుంటే దెబ్బ పేగులకి తగులుతుంది. ఆరు పాయింట్లదే తీసుకోండి. ల్యాప్ బెల్టు తుంటి ఎముకల మీద, పొట్ట మడత కింద కూర్చోవాలి. ముందు దాన్ని ఊపిరి బిగబట్టి లాగి, ఆ తర్వాతే షోల్డర్ బెల్టులు. వరస తిరగేస్తే ల్యాప్ బెల్టు లేచిపోతుంది.

షోల్డర్ బెల్టులు వెనక బిగించే చోటు భుజం ఎత్తుకి సమానంగా, లేదా 20 డిగ్రీల లోపు కిందికి ఉండాలి. రోడ్డు కారు వెనక సీటు బెల్టు బోల్టులకి దింపి కట్టిన హార్నెస్‌లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అలా కడితే రెండు నష్టాలు: బెల్టు కిందికి లాగి వెన్నెముకని నొక్కుతుంది, పొడవు ఎక్కువ కాబట్టి సాగేది కూడా ఎక్కువ. రోల్ కేజ్‌లో (కారు లోపలి రక్షణ కడ్డీల పంజరంలో) భుజం ఎత్తున అడ్డకడ్డీ ఉండాల్సిందే. ఆ కడ్డీ దగ్గర రెండు బెల్టుల మధ్య దూరం 5 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. దూరం ఎక్కువైతే, ముఖ్యంగా జారుడు భుజాలవాళ్లకి, ఏటవాలుగా గుద్దుకున్నప్పుడు బెల్టు చట్రం మీంచి పక్కకి జారిపోతుంది. ఈ పరికరానికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. కడ్డీకి చుట్టిన బెల్టు పక్కకి జరగకుండా ఆపే ఏర్పాటు ఉండాలి. బకిల్‌లో పట్టీని మళ్లీ వెనక్కి తిప్పి దూర్చి, చివర కనీసం 10 సెంటీమీటర్లు మిగల్చాలి. 3 అంగుళాల బెల్టుతోనూ హాన్స్ పనిచేస్తుంది. కానీ భుజం దగ్గర 2 అంగుళాలకి సన్నబడే రకం చట్రం గాడిలో కుదురుగా కూర్చుంటుంది.

అటక మీది బెల్టులు ఎంత కొత్తగా కనిపించినా పనికిరావు. అమెరికా రేసింగ్ భద్రతా ప్రమాణాల సంస్థ ఎస్ఎఫ్ఐ ఇచ్చే 16.1 లేబుల్ ఉన్నవాటికి తయారైన తేదీ నుంచి రెండేళ్లే గడువు. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ 8853-2016 లేబుల్ మీద ఏ ఏడాదితో చెల్లదో రాసే ఉంటుంది, మామూలుగా ఐదేళ్లు. ఎండకి వెబ్బింగ్ (బెల్టు నేత పట్టీ) బలం తగ్గుతుంది, నైలాన్ అయితే పాలిస్టర్ కన్నా ఎక్కువ సాగుతుంది కూడా.

హెల్మెట్ విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు. హెల్మెట్లని పరీక్షించే స్నెల్ సంస్థ ఎస్ఏ రకమే కావాలి, బైకులకిచ్చే ఎం రకం కాదు. ఎం రకానికి మంటల పరీక్ష ఉండదు. ఎస్ఏ2015 నుంచి పోస్టులు బిగించే ఎం6 (6 మిల్లీమీటర్ల) మర గూళ్లు ఫ్యాక్టరీలోనే వస్తున్నాయి. పాత హెల్మెట్‌కి ఇంట్లో డ్రిల్లుతో కన్నాలు పెట్టే ఆలోచన వద్దు. లోపలి ఫోమ్, జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతాయి, ఐదేళ్లకోసారి మార్చమని స్నెల్ సంస్థే చెబుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు ఒకే పెద్ద కంటి రంధ్రం ఉన్న బాలక్లావా (హెల్మెట్ లోపల తొడుక్కునే ముసుగు), వంపు లేని సన్నటి కాడల ఫ్రేము ఎంచుకోవాలి. హాన్స్ పెట్టుకున్నాక తల ఎక్కువగా వంచలేరు కాబట్టి బైఫోకల్స్‌తో ఇబ్బంది: గేజ్‌లు ఒకలా, బ్రేకింగ్ పాయింట్ ఒకలా కనిపిస్తాయి. దూరపు చూపు అద్దాలు వేసుకుని, ఆయిల్ ప్రెషర్‌కీ వాటర్ టెంపరేచర్‌కీ పెద్ద హెచ్చరిక లైట్లు పెట్టుకోవడమే తేలిక.

కారులోంచి దిగడం విడిగా సాధన చేయాల్సిన పని. ఇగ్నిషన్ ఆపడం, విండో నెట్ దించడం, స్టీరింగ్ తీయడం, బెల్టు బకిల్ తిప్పడం, బయటపడటం. మొదటిసారి దాదాపు అందరికీ కాలర్ నెట్ కడ్డీకో, సీటు తల రెక్కకో తట్టుకుంటుంది. తల ముందు బయటపెట్టి భుజాలు తిప్పుతూ రావాలి. మోకాళ్లు, నడుము సహకరించనివాళ్లు సీటు పక్క రెక్కల ఎత్తు కారు కొనేముందే చూసుకోవాలి. కంటికి గంతలు కట్టుకుని చేస్తే పొగలో ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. పెట్టుకునేటప్పుడు ఇంకో మనిషి సాయం కావాలి. హెల్మెట్ తగిలించాక మీ భుజాలు మీకు కనిపించవు, రెండు బెల్టులూ చట్రం మీదే ఉన్నాయో లేదో ఎవరో ఒకరు చేత్తో తడిమి చెప్పాలి. వార్మప్ ల్యాపు తర్వాత షోల్డర్ బెల్టులు మరోసారి బిగించండి, ఈలోగా ఒళ్లు సర్దుకుని కాస్త వదులవుతాయి.

పక్కనుంచి తగిలే దెబ్బకి హాన్స్ అంతగా అక్కరకి రాదు. దానికి తల పక్కన రెక్కలున్న సీటు, కుడి ఎడమ నెట్‌లు కావాలి. బెల్టులు జారతాయన్న భయం ఉన్నవాళ్లకి హైబ్రిడ్ రకం పరికరాలు ఉన్నాయి. సొంత పట్టీలతో ఛాతీకి కట్టుకునేవి కాబట్టి అవి షోల్డర్ బెల్టుల మీద తక్కువ ఆధారపడతాయి. వాటికి తగిలించుకోవాల్సిన పట్టీలు ఎక్కువ, వేసవిలో ఉక్క. సొంత కారు, సరైన కేజ్ ఉంటే మా ఓటు హాన్స్‌కే. వారానికో అద్దె కారు మార్చేవాళ్లకి హైబ్రిడ్ నయం. పాత ఫోమ్ కాలర్‌ని ఈ లెక్కలోకే తీసుకోవద్దు, అది మెడ మీద పడే లాగుడుని ఆపలేదు.

సెకండ్ హ్యాండ్ కొనాలంటే లేబుల్, హోలోగ్రామ్ చూడండి. కాలర్ మొదట్లో తెల్లటి గీతలుంటే వదిలేయండి. ఎస్ఎఫ్ఐ 38.1 లేబుల్ అయితే ఐదేళ్లకోసారి మళ్లీ తనిఖీ చేయించాలి, గడువు ఎంత మిగిలిందో ధర మాట్లాడకముందే అడగండి. అంచులు నూలు లేచిన టెదర్లు మార్చాలి, కారు గట్టిగా గుద్దుకుంటే పైకి బాగున్నా మార్చాలి. పోస్టుల మరలు ప్రతి రేసు ముందూ వేళ్లతో తిప్పి చూసుకోండి, వదులైనవాటికి థ్రెడ్‌లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి.