కరెంటు లేని చోట ఆర్‌వీలో కాఫీ: చాలాకాలం వాడాక నా మాట

కరెంటు కనెక్షన్ లేని చోట ఆర్‌వీ (లోపలే వండుకుని పడుకోగలిగే ఇల్లులాంటి బండి) ఆపుకుని రోజుల తరబడి ఉండేవాళ్లకి ముందే చెప్తున్నా, పొద్దుటి కాఫీ భారం బ్యాటరీ మీద వేయకండి. గ్యాస్ పొయ్యి, మామూలు కెటిల్, ఏరోప్రెస్ (గొట్టంలో పొడి, వేడినీళ్లు పోసి పిస్టన్‌తో నొక్కి కాఫీ దించే పరికరం), చేత్తో తిప్పే గ్రైండర్, మంచి ఫ్లాస్క్. మా బండిలో ఎన్నాళ్లుగానో ఇవే నడుస్తున్నాయి, ఇంకొకటి కొనాలనే ఆలోచన కూడా రాలేదు.

కాఫీ తాగాలనిపించేది తెల్లవారుజామున. సరిగ్గా బ్యాటరీ బాగా దిగిపోయి ఉండే వేళ కూడా అదే. రాత్రంతా హీటర్ నడిచి ఉంటుంది. హీటర్ మండేది గ్యాస్‌తోనే అయినా, వేడిగాలిని తోసే ఫ్యాన్ నడిచినంతసేపూ 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. ఎండేమో ఇంకా బండి మీది సోలార్ ప్యానెళ్ల మీద పడదు. అలాంటప్పుడు 1000 వాట్ల డ్రిప్ మెషీన్ (పొడి మీద వేడినీళ్లు చుక్కలుగా దించే కరెంటు కాఫీ మెషీన్) ఆన్ చేస్తే, ఇన్వర్టర్‌లో పోయేదీ కలుపుకుని 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల పైనే లాగుతుంది. పది నిమిషాలకి సుమారు 15 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉందో చెప్పే కొలత) ఖర్చవుతాయి. వినడానికి తక్కువే అనిపిస్తుంది, కానీ 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో దాని ఆయుష్షు తగ్గకుండా వాడుకోగలిగేది సగమే, పైగా ఒక్కసారిగా అంత లాగితే వోల్టేజ్ పడిపోయి ఇన్వర్టర్ కీచుమంటూ ఆగిపోతుంది. మా పాత డ్రిప్ మెషీన్‌తో చలికాలం పొద్దుటిపూట ఇదే గొడవ, సగం జగ్గు దిగేసరికి కట్, మిగిలేది గోరువెచ్చని పల్చటి నీళ్లు.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. లోడ్ పడినా వోల్టేజ్ నిలకడగా ఉంటుంది. కాకపోతే పెద్ద ఇన్వర్టర్, మందపాటి కేబుళ్లు కావాలి, సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. వరసగా మబ్బు పట్టిన రోజులొస్తే ఆ 15 ఆంపియర్-అవర్లు లైట్లకీ నీళ్ల పంపుకీ ఉంచుకోవడమే మేలు. ఇక సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే 12 వోల్టుల కెటిళ్ల జోలికి అసలు పోవద్దు. 150 వాట్లతో అరలీటరు కాగడానికి ఎంత లేదన్నా 20 నిమిషాలు పడుతుంది.

అదే పని గ్యాస్ ఎంత సులువుగా చేస్తుందో చూడండి. లీటరు నీళ్లు కాగడానికి అటూ ఇటూగా 15 గ్రాముల ప్రొపేన్ చాలు. చిన్న క్యాన్ల స్టవ్ అయితే మాత్రం క్యాన్‌లో ఏ గ్యాస్ ఉందో చూసి కొనండి, ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది, మంట రాదు.

ఏరోప్రెస్‌ని నేను ఇంతగా మెచ్చుకోవడానికి రుచి ఒక కారణమే గానీ అసలు కారణం నీళ్లు. 15 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు, ఒకసారి కలిపి నిమిషం ఆగి నిదానంగా నొక్కితే, చివర్లో బుస్సుమని గాలి వస్తుంది, అక్కడ ఆపేయాలి. మూత తిప్పి తీసి చెత్తబుట్ట మీద పట్టుకుని ఇంకాస్త నొక్కితే పిప్పి బిళ్లలా ఊడి పడుతుంది. రబ్బరు కొసని కాగితంతో తుడిచి రెండు చెంచాల నీళ్లు పోస్తే కడగడం అయిపోయినట్టే. ఫ్రెంచ్ ప్రెస్‌లో (పొడిని జాలీతో అడుక్కి నొక్కే గాజు జగ్గు) కాఫీ బాగుంటుంది, నేను కాదనను, కానీ జాలీకి పట్టిన పొడి వదలాలంటే బోలెడు నీళ్లు పోయాలి, ఆ పొడి సింకులోంచి పోయి పైపులోనో గ్రే వాటర్ ట్యాంకు (వాడిన నీళ్లు చేరే ట్యాంకు) అడుగునో పేరుకుంటుంది. మంచినీళ్ల ట్యాంకులో నీళ్లు అయిపోతే క్యాంపింగే ముగిసిపోయే చోట ఇది చిన్న విషయం కాదు.

ఎత్తైన కొండల మీద ఏమవుతుందని అడుగుతుంటారు. 2000 మీటర్ల దగ్గర నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, కాఫీకి అది చక్కగా సరిపోయే వేడి. ఇంకా పైకి పోతే పొడి కాస్త సన్నగా ఆడించి ఇంకో నిమిషం నాననివ్వండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. పొయ్యి వెలిగించినప్పుడల్లా పైన వెంట్, పక్కన కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. చలిగా ఉందని పొయ్యితో బండిని వెచ్చబెట్టుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు పోతాయి. దాని అలారం, గ్యాస్ లీక్ అలారం రెండూ పనిచేస్తున్నాయో లేదో బయల్దేరే ముందు నొక్కి చూసుకోండి. కిటికీ తెరిస్తే ఆవిరి కూడా బయటికి పోతుంది, లేదంటే అద్దాల మీద చెమ్మ పట్టి పరుపు దాకా వస్తుంది.

మిగతా సౌకర్యాల సంగతికొస్తే, మరిగిన నీళ్లు ఫ్లాస్క్‌లో పోసి పెట్టుకుంటే రెండో కప్పుకి మళ్లీ పొయ్యి వెలిగించక్కర్లేదు. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కరెంటు తింటుంది, పని అవగానే ఆపేయండి. రాత్రి మందపాటి దుప్పట్లు వేసుకుని హీటర్ తగ్గించి పెట్టుకుంటే పొద్దున బ్యాటరీలో తేడా మీకే కనిపిస్తుంది.

ఏరోప్రెస్‌లో లోటు, ఒక విడతకి ఒక కప్పే. రబ్బరు కొన్నేళ్లకి వదులవుతుంది, వాడాక పిస్టన్‌ని చివరిదాకా నొక్కి గానీ, విడిగా తీసి గానీ పెడితే ఎక్కువకాలం వస్తుంది. ఇద్దరుముగ్గురు ఉంటే మోకా పాట్ (కింద మరిగే నీళ్లు ఆవిరి ఒత్తిడితో పొడిలోంచి పైకొచ్చే చిన్న కాఫీ పాత్ర) బాగానే ఉంటుంది, కాకపోతే అడుగు చిన్నది కాబట్టి పొయ్యి గ్రిల్ మీద ఊగుతుంది, గ్రిల్ పైన ఒక చిన్న జాలీ వేసుకోవాలి. నలుగురైదుగురు ఒకేసారి కప్పులు పట్టుకుని నిలబడే కుటుంబమైతే గ్యాస్ మీద పెట్టే స్టీలు పెర్కోలేటర్ (మరిగే నీళ్లు పొడి మీదుగా మళ్లీ మళ్లీ తిరిగే పెద్ద కాఫీ పాత్ర) తీసుకోండి.