కాపిటోలైన్ మ్యూజియం, రోమ్: కంచు తోడేలు దగ్గరే ఆగిపోకండి

రోమ్ పురాణగాథల్లో పిట్టలది చిన్న వేషం కాదు. పన్నెండు రాబందులు కనబడ్డాయనే రోములస్‌కి రాజ్యం దక్కింది. దండెత్తి వచ్చిన గాల్ జాతివాళ్లు రాత్రిపూట కాపిటోలైన్ కొండెక్కుతుంటే జూనో దేవత గుడి బాతులు అరిచి కాపలావాళ్లను లేపాయి. ఈ మ్యూజియం ఉన్నది ఆ కొండ మీదే. అయినా చాలామంది రోములస్, రేమస్ కవలలకు పాలిచ్చిన తోడేలు బొమ్మతో ఫొటో దిగి బయటపడతారు. అలాగైతే టిక్కెట్టు సగం దండగే.

మెట్లెక్కాక కుడిచేతి భవనంలోంచి లోపలికి వెళ్లాలి. రెండు భవనాలకూ ఒకటే టిక్కెట్టు. మూడు గంటలు కేటాయించుకోండి. మొదటి అంతస్తు పెద్ద హాలు గోడలనిండా రోమ్ పుట్టుక కథే. కవలలు దొరికిన ఘట్టం చిత్రకారుడు కవాలియర్ దార్పినో 1595-96లో వేశాడు. ఈ హాల్లోని చివరి మూడు చిత్రాలూ 1636-40 నాటివి, పనితనం పలచబడిందని చూడగానే తెలుస్తుంది. తోడేలు 75 సెంటీమీటర్ల ఎత్తే. కింద పాలు తాగే పిల్లలిద్దరూ 15వ శతాబ్దం చివర్లో చేర్చినవాళ్లు. తోడేలును కూడా మధ్యయుగాల్లోనే పోతపోశారని రేడియోకార్బన్ పరీక్షలు చెబుతున్నాయి. బాతుల గదిలో కంచు బాతులు చూసి, అక్కడే ఉన్న బెర్నీని శిల్పం, పాముల జుట్టున్న మెడూసా తల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

అసలు సరుకు రెండో అంతస్తు చిత్రశాలలో ఉంది. జనం కారవాజ్జో చిత్రాల దగ్గర మూగుతారు కాబట్టి రూబెన్స్ గీసిన 'రోములస్, రేమస్' ముందు తీరిగ్గా నిలబడొచ్చు. అత్తిచెట్టు కింద తోడేలు, పిల్లలు, వాళ్లకోసం చెర్రీలు మోసుకొచ్చే వడ్రంగిపిట్ట. అది యుద్ధదేవుడు మార్స్ పిట్ట. పిల్లల తండ్రి ఆయనే కదా! ఆ సంగతి తెలియకపోతే పిట్ట ఉత్త అలంకారంలా కనబడుతుంది.

తర్వాత కిందికి దిగి, భూగర్భ మార్గంలో ఎదుటి భవనానికి వెళ్లాలి. దారిలో టాబులేరియం (పాత రోమన్ దస్తావేజుల భవనం) నుంచి ఫోరమ్, అంటే పాత రోమ్ నడిబొడ్డు కూడలి, మొత్తం కనబడుతుంది. ఎదుటి భవనంలోని పావురాల మొజాయిక్ 1737లో హేడ్రియన్ చక్రవర్తి విల్లాలో దొరికింది. గిన్నె అంచున నాలుగు పావురాలు, ఒకటి నీళ్లు తాగుతోంది. మీటరుకన్నా చిన్న పలక కావడంతో దూరం నుంచి మామూలు బొమ్మలా అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తేనే సన్నటి రాతిముక్కలు వరసలు మారి ఈకల మెరుపు తెచ్చిన తీరు తెలుస్తుంది.

ఒకటే లోటు, ఇక్కడ రంగురంగుల పిట్టలు తక్కువ. వాటికోసమైతే తెర్మీని స్టేషన్ దగ్గరి పలాజ్జో మాస్సిమో మ్యూజియానికి వెళ్లాలి. 1863లో బయటపడిన, అగస్టస్ చక్రవర్తి భార్య లివియా విల్లాలోని తోట గోడచిత్రాలు అక్కడున్నాయి. నాలుగు గోడలా దానిమ్మలు, వాటి మధ్య రకరకాల పిట్టలు. ఆ మ్యూజియం సోమవారం మూత. కాపిటోలైన్‌లో ప్రవేశం ముగింపుకి గంట ముందే ఆపేస్తారు. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే పొద్దున్నే కొండ దగ్గర మొదలుపెట్టండి.