ఖాజాగూడ బండల మీద మూడున్నరేళ్లు: నా ఫుల్ సస్పెన్షన్ సైకిల్

కొన్న మొదటి తొమ్మిది పది నెలలూ, రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉన్న ఈ సైకిల్ నాకు నచ్చలేదు. మూడు లక్షల ఎనభై వేలు పోసి తెచ్చుకున్నాక ఆ మాట పైకి అనడానికి నోరు రాదు కదా. ఎవరడిగినా "సూపర్ అన్నా" అనేసి తప్పించుకునేవాణ్ణి. తప్పు సైకిల్‌ది కాదని తెలిసేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది.

ముందు వివరాలు. 2022 సంక్రాంతి తర్వాత కొన్నాను. కార్బన్ ఫ్రేమ్, 29 అంగుళాల చక్రాలు, ముందు 150 మిల్లీమీటర్ల ఫాక్స్ 36 ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్), వెనక 140 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), షిమానో ఎక్స్‌టీ 12 గేర్లు, నాలుగు పిస్టన్ల డిస్క్ బ్రేకులు, సీటును బొటనవేలితో దించే డ్రాపర్ పోస్ట్. పెడల్స్‌తో కలిపి 14 కిలోలు తూగింది. ఫ్రేమ్ ఏ కంపెనీదో రాయను. ఈ ధరలో దొరికే ట్రెయిల్ బైకులన్నీ (కొండదారుల సైకిళ్లు) కొలతల్లో అన్నదమ్ములే, కాబట్టి నేను చెప్పేది చాలావరకు అన్నిటికీ సరిపోతుంది. ఇప్పటికి 4,600 కిలోమీటర్లు తిరిగింది. నా బరువు 78 కిలోలు. ఇది కూడా సైకిల్ వివరాల్లో భాగమే.

ఉండేది హైదరాబాద్ మణికొండలో. పక్కనే ఖాజాగూడ గుట్టలు. మామూలు ఆదివారాల్లో అక్కడో, చిలుకూరు, మొయినాబాద్ వైపు మట్టిదారుల్లోనో తొక్కుతాను. నెలకోసారి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్తాం.

కొన్న రోజు షాపు ముందు పార్కింగ్‌లో తొక్కి చూశాను. పెడల్ వేస్తే వెనక షాక్ (కుదుపును మింగే గాలి గొట్టం) కదల్లేదు. "చూడండి సార్, ఎంత టైట్‌గా ఉందో" అన్నాడు మెకానిక్. నేనూ మురిసిపోయాను. కదలడానికే ఉన్న వస్తువు కదలనందుకు సంతోషించానన్నమాట. తర్వాత గుట్ట మీదికి తీసుకెళ్తే ప్రతి రాయీ నేరుగా నడుముకు తగిలేది. ఎక్కేటప్పుడు వెనక చక్రం గిర్రున జారేది. అంతకుముందు నా దగ్గరున్న, ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న నలభై వేల హార్డ్‌టెయిలే దీనికన్నా నయం అనిపించిన రోజులున్నాయి.

ఆ నవంబరులో అనంతగిరిలో టీ తాగుతుంటే, మాతో వచ్చిన ఒక పెద్దాయన నా సైకిల్ దగ్గర కూర్చుని షాక్ మీదున్న చిన్న రబ్బరు రింగు చూశాడు. షాక్ ఎంత లోపలికి దిగితే ఆ రింగు అంత దూరం జరుగుతుంది. "తమ్మీ, నువ్వు నూట నలభైకి పైసలిచ్చి డెబ్బైయే వాడుతున్నవ్" అన్నాడు. షాక్‌లో గాలి కొట్టే పంపు ఉందా అని అడిగాడు. ఇంట్లో ఉందన్నా అన్నాను. "ఇంట్ల ఉంటే ఏం లాభం?" అని తన బ్యాగులోంచి తీశాడు.

షాక్‌లో గాలి 230 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంది. ఊరికే సీటు మీద కూర్చుంటే మన బరువుకి షాక్ కొంత దిగాలి. దీన్ని సాగ్ అంటారు (మన సాగుబడితో సంబంధం లేదు). నా షాక్ మొత్తం 55 మిల్లీమీటర్లు దిగుతుంది (అంతకే చక్రం 140 కదులుతుంది), అందులో 30 శాతం, అంటే 16 మిల్లీమీటర్ల పైచిలుకు సాగ్ ఉండాలి. నాకు వచ్చింది 9. ఆయన కొంచెం కొంచెంగా గాలి వదులుతూ 180 దగ్గర ఆపాడు. సస్పెన్షన్ అంటే గుద్దుకున్నప్పుడు పైకి ముడుచుకునేదనే అనుకుంటాం. గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను పట్టుకోవడం కూడా దాని పనే. ముందే కొంత దిగి ఉంటేనే ఇంకాస్త చాచుకోవడానికి దానికి చోటుంటుంది. గాలి ఎక్కువైతే ఆ చోటు ఉండదు, చక్రం గుంట మీదుగా గాల్లో తేలిపోతుంది. నేను ఎక్కలేక దిగి నడిచిన చోట్లన్నీ ఇవే.

టైర్లలోనూ అదే తప్పు చేశాను. హార్డ్‌టెయిల్ అలవాటు కొద్దీ 40 కొట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు 22, వెనక 25. ఇంకో విషయం, గాలి ఒత్తిడి ఎండకు పెరుగుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల చలిలో షాక్‌లో 180 పెడితే, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకు అది లెక్క ప్రకారం 196 దాటుతుంది. మన ఊళ్లో చలికాలానికి ఒక అంకె, ఎండాకాలానికి ఒక అంకె రాసిపెట్టుకోవడం మంచిది.

సెట్టింగు కుదిరాక అసలు సైకిల్ బయటపడింది. ఇలాంటివి దిగడానికే అనుకుంటారు. దిగుడు బాగుంటుంది, కాదనను. డ్రాపర్ నొక్కి సీటు దించి వెనక్కి జరిగితే నిటారు బండ మీద కూడా గుండె దడ సగానికి తగ్గుతుంది. కానీ నాకు డబ్బు గిట్టుబాటైంది ఎక్కుడులో. ఖాజాగూడ దగ్గర ఎండిన గ్రానైట్ బండ టైరును బాగానే పట్టుకుంటుంది. చిక్కంతా దాని మీది మొరంతోనే. బండ మీద జొన్నలు పోసినట్టుంటుంది. అలాంటి చోట హార్డ్‌టెయిల్ మీద లేచి నిలబడితే వెనక చక్రం జారుతుంది, కూర్చుంటే నడుము పోతుంది. దీని మీద కూర్చునే ఎక్కొచ్చు. వెనక చక్రం ప్రతి రాయినీ తడుముకుంటూ వస్తుంది. ముందు 32 పళ్లు, వెనక 51 పళ్ల గేరులో నిమిషానికి అరవై సార్లు తిప్పితే వేగం గంటకు ఐదు కిలోమీటర్లు. నడకతో సమానమే అయినా కాలు కింద పెట్టకుండా పైకి చేరడం వేరు.

ఇక తారు రోడ్డు సంగతి. 2023 అక్టోబరులో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మొదలైనప్పుడు ఉత్సాహంగా దీన్నే తీసుకెళ్లాను. రెండున్నర అంగుళాల గుబ్బల టైర్లు తేనెటీగల తుట్టెలా మోత పెట్టాయి. స్కూలు పిల్లలు కూడా దాటేసి పోయారు. మీ తొక్కుడు అక్కడికే అయితే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయొచ్చు.

బ్రేకులు, గేర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అడిగిన పని చేశాయి, ఒకసారి బ్రేకుల్లోని మినరల్ ఆయిల్ మార్పించాను. పోరాటమంతా ముళ్లతో, దుమ్ముతో.

చిలుకూరు వైపు పొలం గట్ల పక్కన పల్లేరు కాయలు, ఎక్కడపడితే అక్కడ సర్కారు తుమ్మ ముళ్లు. ఒక్క రైడ్‌లో పదకొండు ముళ్లు పీకాను. ట్యూబ్‌లెస్ కాబట్టి (లోపల ట్యూబు ఉండదు) టైర్లో పోసిన సీలెంట్ ద్రవం రంధ్రాలన్నీ మూసేసింది. అయితే మన ఎండకి ఆ ద్రవం ఆరు వారాల్లో పొరలు కట్టి ఎండిపోతోంది. వేసవిలో నెలన్నరకోసారి పోయకపోతే నమ్మకం లేదు.

దుమ్ము అంతకన్నా పాపిష్టిది. గ్రానైట్ పొడిలో పలుగురాయి ఉంటుంది. చైన్‌కి నూనె పెడితే ఆ పొడి అంటుకుని సానరాయి ముద్దలా తయారవుతుంది. నూనె మానేసి మైనం పట్టించడం మొదలుపెట్టాక చైన్ రెట్టింపు కాలం వచ్చింది. వెనక చక్రాన్ని షాక్‌తో కలిపే లింకేజ్‌లోని బేరింగ్‌లు రెండో ఏడాదికే గరగరలాడాయి. కొంత నా స్వయంకృతమే. బైకులు కడిగే చోట పెద్ద ప్రెషర్ పైపుతో రెండు మూడు సార్లు కడిగించాను. ఆ నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి. ఇప్పుడు బకెట్టు, మగ్గు, పాత బనియను, అంతే.

ఫోర్క్‌ని 125 గంటల తొక్కుడుకో, ఏడాదికో ఒకసారి విప్పి కొత్త ఆయిల్ పోయాలన్నది కంపెనీ సలహా. అది ఇంట్లోనే నేర్చుకున్నాను. షాక్ లోపలి పని మాత్రం నాకు చేతకాదు. ఒకసారి వేరే ఊరి సర్వీసుకి పంపితే 24 రోజులు పట్టింది, అదీ అచ్చంగా ఆగస్టులో, మట్టి బాగా కుదురుకుని ఉండే రోజుల్లో. మొత్తం కలిపి ఏడాదికి పాతిక వేల పైనే ఖర్చవుతోంది. ఇంట్లో ఈ లెక్క సగమే చెప్పాను.

ఈ ధరకి ఎవరైనా కొనబోతుంటే, నెలకి కనీసం నాలుగుసార్లు రాళ్లూ గుట్టలూ ఎక్కేవాళ్లయితేనే కొనమంటాను. లేదంటే ఇందులో మూడో వంతుకి మంచి హార్డ్‌టెయిల్ వస్తుంది. మిగిలిన డబ్బులో కొంచెంతో షాపువాడి చేత అయినా సరే, మీ బరువుకి ఫోర్క్ సెట్ చేయించుకోండి.

రెండు వారాలుగా ఎక్కేటప్పుడు ఎక్కడో టిక్ టిక్ మంటోంది. పెడల్స్ మార్చి చూశాను, సీటు బోల్టులు విప్పి గ్రీజు పెట్టాను, లింకేజ్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాను. బాల్కనీలో తిప్పితే కిక్కురుమనదు. ఖాజాగూడ ఎక్కుడు మొదలవగానే మళ్లీ టిక్.