ఘోస్టోపోలిసా, అన్యాస్ ఘోస్టా?

దెయ్యాల గ్రాఫిక్ నవల, అంటే బొమ్మలతో సాగే నవల, ఏదైనా చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఈ రెండే గుర్తొస్తాయి. డగ్ టెన్‌నేపెల్ ‘ఘోస్టోపోలిస్’ (2010)లో నయంకాని జబ్బున్న గార్త్ అనే పిల్లాడు పొరపాటున, బతికుండగానే దెయ్యాల లోకంలో పడతాడు. చనిపోయిన తాతయ్య అక్కడ కనిపిస్తాడు, అదీ చిన్న పిల్లాడి రూపంలో! ఆ చోట పేజీ తిప్పలేక ఆగిపోయాను. ఎముకల గుర్రం, రంగుల బొమ్మలు, పరుగులు సరేసరి.

వేరా బ్రాస్గోల్ ‘అన్యాస్ ఘోస్ట్’ (2011)లో పరలోకం ఉండదు. బావిలో పడ్డ అన్యా వెంట ఓ అమ్మాయి దెయ్యం వచ్చేస్తుంది. స్నేహం మెల్లగా భయంగా మారుతుంది. బొమ్మలన్నీ ఊదా ఛాయల్లోనే. కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు కూడా దీనికి వచ్చింది. హైస్కూల్ పిల్లలకైతే ఇదే ఇస్తాను. పదేళ్ల పిల్లలకు మాత్రం గార్త్ కథే. చావు గురించి అడగడానికి భయపడే వయసులో ఆ తాతామనవళ్ల జంట చాలా ధైర్యమిస్తుంది.